లయ తప్పిన గుండె: దడ ఒక ఎత్తు, గడ్డ ఒక ఎత్తు

1991 మే 4వ తేదీ, శనివారం. మేరీలాండ్ కొండలలోని క్యాంప్ డేవిడ్ విడిదిలో పరుగు తీస్తున్న అమెరికా అధ్యక్షుడు జార్జి హెచ్. డబ్ల్యూ. బుష్‌కు ఉన్నట్టుండి ఆయాసమూ, అలసటా కలిగాయి. అప్పటికి ఆయన వయస్సు 66 సంవత్సరాలు. ఆటలలో యువకులతో పోటీపడే మనిషి. పరీక్షించగా నాడి అడ్డదిడ్డంగా కొట్టుకుంటున్నదని తేలింది. హెలికాప్టరులో బెథెస్డాలోని నౌకాదళ ఆసుపత్రికి తరలించారు. గుండె లయను చక్కదిద్దడానికి డిజాక్సిన్, ప్రొకైనమైడ్ అనే మందులు ఇచ్చారు. అవి పనిచేయకపోతే సోమవారం నాడు మత్తు ఇచ్చి విద్యుత్ఘాతంతో సరిచేయాలనీ, ఆ కొద్దిసేపూ అధికారాన్ని ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్‌కు అప్పగించాలనీ అనుకున్నారు. ఆ అవసరం రాలేదు. మరికొద్ది రోజులలోనే మూలకారణం కూడా బయటపడింది. అధ్యక్షుని థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తున్నది. గ్రేవ్స్ వ్యాధి అని దాని పేరు. శ్రీమతి బార్బరా బుష్‌కు కూడా అంతకు కొంతకాలం ముందే అదే వ్యాధి కనిపించడం అప్పట్లో అందరినీ విస్మయపరచింది.

అధ్యక్షుని గుండెకు వచ్చిన ఆ లయదోషమే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. తెలుగులో కర్ణికా ప్రకంపనం అనవచ్చును. ఇది అరుదైన వ్యాధి కాదు. అమెరికాలో దాదాపు కోటీ అయిదు లక్షలమంది వయోజనులకు ఇది ఉన్నదని 2024లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ ఫ్రాన్సిస్కో శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. వయస్సుతోపాటు పెరిగే వ్యాధి ఇది. అరవైలలో, డెబ్బైలలో ఈ దేశానికి వచ్చి స్థిరపడిన మొదటి తరం తెలుగువారు ఇప్పుడు ఆ వయస్సులోనే ఉన్నారు. వారి తరువాత వచ్చినవారి తల్లిదండ్రులు ఆరేసి నెలలకొకసారి రెండు దేశాల నడుమ తిరుగుతున్నారు. అందువల్ల ఈ వ్యాధి పేరు మన ఇళ్ళలో తరచుగా వినబడుతున్నది. దానితోపాటు వచ్చే భయాలు కూడా.

విచిత్రమేమంటే, ఆ భయాలలో చాలా భాగం గురి తప్పిన భయాలు. రోగి దడకు భయపడతాడు. దడ తగ్గగానే ధైర్యం తెచ్చుకుంటాడు. మందు వల్ల చిగుళ్ళ నుంచి కాస్త రక్తం కనిపించగానే మందుకు భయపడతాడు. అసలు భయపడవలసినది చడీచప్పుడు లేకుండా తయారయ్యే రక్తపు గడ్డకు.

గదులూ, ద్వారపాలకుడూ

గుండెకు నాలుగు గదులు. పైవి రెండు కర్ణికలు, కిందివి రెండు జఠరికలు. కర్ణమంటే చెవి, పాశ్చాత్యులు లాటిన్ భాషలో పెట్టిన పాత పేరు ఆరికిల్‌కు కూడా చిన్న చెవి అనే అర్థం. పై గదుల అంచున చెవితమ్మెలా వేలాడే ఒక చిన్న సంచి ఉండడమే ఈ పోలికకు మూలం. ఈ సంచిని పాఠకులు గుర్తుంచుకోవాలి. కథలో ప్రతినాయకుని నివాసం అదే.

కుడి కర్ణిక పైభాగాన గుండెకు లయకారకమైన కణుపు ఒకటున్నది. దాని నుంచి నిమిషానికి 60 నుంచి 100 మార్లు సన్నని విద్యుత్ తరంగం పుడుతుంది. ఆ తరంగం రెండు కర్ణికల మీదుగా ప్రవహించి, వాటిని ముడుచుకొనేటట్లు చేసి, కర్ణికలకూ జఠరికలకూ నడుమనున్న మరో కణుపును చేరుతుంది. అక్కడ క్షణకాలం ఆగి జఠరికలలోకి దిగుతుంది. పై గదులు కిందికి రక్తాన్ని నెట్టేదాకా కింది గదులు ఓపిక పట్టడం కోసమే ఆ విరామం. ఈ క్రమం రోజుకు దాదాపు లక్షసార్లు నడుస్తుంది.

ప్రకంపనం వచ్చినప్పుడు కర్ణికలలో ఒక తరంగానికి బదులు అనేక తరంగాలు ఒకదాని వెంట ఒకటి, ఒకదానికి ఒకటి అడ్డంగా, సుడులు తిరుగుతాయి. కర్ణికల కండర పోగులు నిమిషానికి 350 నుంచి 600 మార్లు అదురుతుంటాయి. అదురుతాయే కాని ముడుచుకోవు. నడుమనున్న కణుపు ద్వారపాలకుని వలె వచ్చినవాటినన్నిటినీ లోపలికి పోనివ్వదు. అదే లేకపోతే జఠరికలు కూడా ఆ వేగంతో కొట్టుకొని ప్రాణమే పోయేది. అయినా అది వదిలేవి కూడా ఒక పద్ధతి ప్రకారం వదలదు. అందుకే నాడి ఒకసారి త్వరగా, ఒకసారి ఆలస్యంగా, ఒకసారి బలంగా, ఒకసారి వినీ వినబడనట్లు తగులుతుంది. తాళం తప్పిన పాటలోనైనా ఎక్కడో ఒకచోట సమం దొరుకుతుంది. ఈ నాడిలో ఎంతసేపు వెతికినా దొరకదు.

ఈ రహస్యాలన్నీ ఇరవయ్యవ శతాబ్దపు మొదటి పదేళ్ళలోనే బయటపడ్డాయి. నడిమి కణుపును జపాన్ శాస్త్రజ్ఞుడు సునావొ తవారా 1906లోనూ, పై కణుపును బ్రిటన్‌కు చెందిన ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ 1907లోనూ వివరించారు. హాలండులో ఐంతోవెన్ కనిపెట్టిన ఇ.సి.జి. యంత్రం సహాయంతో, రోగుల అడ్డదిడ్డపు నాడికి కర్ణికల అదురుపాటే కారణమని లండన్ వైద్యుడు థామస్ లూయిస్ 1909లో నిరూపించాడు.

దడ వేరు, గడ్డ వేరు

కర్ణికలు ముడుచుకోనంత మాత్రాన మనిషి పడిపోడు. జఠరికలలోకి పోయే రక్తంలో అధిక భాగం తనంత తానే జారిపోతుంది. కర్ణికల నెట్టుడు వల్ల చేరేది సుమారు ఐదో వంతు. ఆ లోటు కొందరికి ఆయాసంగా, నిస్సత్తువగా, గుండెలో పక్షి రెక్కలు కొట్టుకుంటున్నట్లుగా తెలుస్తుంది. మరికొందరికి ఏమీ తెలియదు. ఏ కంటి శస్త్రచికిత్స కోసమో ఇ.సి.జి. తీసినప్పుడు బయటపడుతుంది.

కదలని నీటిలో నాచు పట్టినట్లు, ముడుచుకోని కర్ణికలో రక్తం నిలువ ఉండి గడ్డ కడుతుంది. ముఖ్యంగా ఎడమ కర్ణికకున్న ఆ చెవి వంటి సంచిలో. కవాట వ్యాధి లేని రోగులలో ఎడమ కర్ణికలో కనిపించే గడ్డలలో సుమారు 90 శాతం ఆ సంచిలోనివే. అక్కడి నుంచి ఒక ముక్క విడివడితే అది రక్తప్రవాహంతో పైకి పోయి మెదడులోని ధమనిని మూస్తుంది. పర్యవసానం పక్షవాతం. మాసచూసెట్స్ రాష్ట్రంలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణవాసులపై 1948 నుంచి సాగిన పరిశీలనల ఫలితాలను 1991లో క్రోడీకరించినప్పుడు, కర్ణికా ప్రకంపనం ఉన్నవారికి పక్షవాతం వచ్చే ప్రమాదం దాదాపు ఐదు రెట్లని తేలింది. ఎనభైలలో ఉన్నవారికి వచ్చే పక్షవాతాలలో నాలుగింట ఒక వంతుకు దగ్గరగా దీనికే ఆపాదించవలసి వచ్చింది.

ఇక్కడ గమనించవలసిన సంగతి, దడ ఎంత ఎక్కువైతే గడ్డ ప్రమాదం అంత ఎక్కువ అనే లెక్క లేదు. ప్రమాదాన్ని నిర్ణయించేవి వేరు: వయస్సు, రక్తపు పోటు, మధుమేహం, గుండె బలహీనత, రక్తనాళాల జబ్బు, అంతకు ముందు పక్షవాతం వచ్చి ఉండడం. వైద్యులు వీటికి మార్కులు వేసి కూడి చూస్తారు. 75 ఏళ్ళు దాటితే రెండు, పూర్వం పక్షవాతం ఉంటే రెండు, తక్కినవాటికి ఒక్కొక్కటి. 65 దాటినవారికి వయస్సుకు ఒకటి. అమెరికా వైద్య సంఘాలు 2023లో ఇచ్చిన సూచనల ప్రకారం పురుషులకు రెండు, స్త్రీలకు మూడు మార్కులు వస్తే రక్తం గడ్డకట్టకుండా మందు వాడడం మంచిది. స్త్రీలకు ఒక మార్కు అదనంగా కలిపే పద్ధతిని ఐరోపా వైద్యులు 2024లో మానివేశారు. మన ఇళ్ళలో మధుమేహం, రక్తపు పోటు లేని పెద్దలు ఎందరుంటారో చెప్పనక్కరలేదు.

ఎలుకల మందు కథ

గడ్డకట్టకుండా ఆపే మందులలో పాతది వార్ఫరిన్. దీని పుట్టుక అమెరికా పాలదొడ్లలో జరిగింది. 1920ల నుంచి ఉత్తర డకోటా, కెనడా ప్రాంతాలలో స్వీట్ క్లోవర్ అనే పశుగ్రాసం బూజుపడితే, దాన్ని తిన్న పశువులు చిన్న గాయానికే రక్తం కారిపోయి చనిపోయేవి. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని డీర్ పార్క్ అనే ఊరి రైతు ఎడ్ కార్ల్‌సన్ మంచు తుఫానులో దాదాపు 190 మైళ్ళు బండి నడుపుకొని మాడిసన్ నగరం వచ్చాడు. బండిలో చచ్చిన పెయ్య, కొంత చెడిన గడ్డి, పాలబిందె నిండా గడ్డకట్టని రక్తం. పశువైద్యాధికారి కార్యాలయం మూసి ఉన్నది. తలుపు తీసి ఉన్న విశ్వవిద్యాలయ ప్రయోగశాలలోకి వెళ్ళాడు. అది రసాయనశాస్త్రజ్ఞుడు కార్ల్ పాల్ లింక్‌ది. ఆ గడ్డిలోని విషపదార్థాన్ని శుద్ధిచేసి పట్టుకోవడానికి లింక్ బృందానికి 1939 దాకా పట్టింది. దానికి పేరు డైకుమరాల్. దాని తమ్ముడే వార్ఫరిన్. పరిశోధనకు డబ్బిచ్చిన విస్కాన్సిన్ పూర్వవిద్యార్థుల సంస్థ పేరులోని మొదటి అక్షరాల నుంచి ఆ పేరు కట్టారు. 1948లో ఎలుకల మందుగా బజారుకు వచ్చింది. 1954లో మనుషులకు వాడడానికి అనుమతి లభించింది. మరుసటి సంవత్సరం గుండెపోటు వచ్చిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ఇచ్చిన మందులలో ఇది కూడా ఉన్నది.

'నాకు ఎలుకల మందు పెడతారా?' అని పెద్దలు అలగడానికి ఈ చరిత్ర చాలు. విషానికీ మందుకూ తేడా మోతాదులో ఉన్నదని మన ఆయుర్వేదులకు చెప్పనక్కరలేదు. వార్ఫరిన్ మోతాదును రక్తపరీక్షతో కొలిచి నిర్ణయిస్తారు. ఐ.ఎన్.ఆర్. అనే ఆ కొలత సాధారణంగా 2కూ 3కూ మధ్య ఉండాలి. అలా ఉంచగలిగితే పక్షవాతాలలో మూడింట రెండు వంతులు తప్పుతున్నాయి.

ఇంతకంటె పెద్ద చిక్కు మన మాటలోనే ఉన్నది. వీటిని మనం 'రక్తం పలచబరిచే మందు' అంటున్నాము. ఆ మాట వినగానే మజ్జిగలో నీళ్ళు కలిపినట్లు నెత్తురు నీరైపోతుందనే ఊహ కలుగుతుంది. 'నెత్తురు పలచనైతే ఒంట్లో సత్తువ ఏముంటుందిరా?' అని గుంటూరు నుంచో, కరీంనగర్ నుంచో వచ్చిన తల్లి అడిగితే ఆమె తర్కంలో తప్పేమీ లేదు. మనం వాడిన మాటే తప్పు. ఈ మందుల వల్ల రక్తం చిక్కదనం తగ్గదు, ఎర్ర కణాలు తగ్గవు, నీరసం రాదు. గడ్డకట్టే క్రియ మాత్రం మందగిస్తుంది. వార్ఫరిన్ ఆ పనిని విటమిన్ కె.ను అడ్డగించి చేస్తుంది. ఆ విటమిన్ లేకపోతే గడ్డకట్టడానికి కావలసిన మాంసకృత్తులను కాలేయం పూర్తిగా తయారుచేయలేదు.

విటమిన్ కె. ఆకుకూరలలో సమృద్ధిగా ఉంటుంది. తోటకూర పప్పు, పాలకూర, మునగాకు, మెంతికూర తినరాదేమోనని వార్ఫరిన్ వాడేవారు విస్తరి ముందు దిగులు పడడం కద్దు. తినరాదని ఎవరూ అనలేదు. వారానికి ఎంత తింటున్నారో అంతే తింటూ ఉంటే మోతాదును దానికి తగినట్లు వైద్యుడు కుదురుస్తాడు. చిక్కు ఎక్కడంటే, ఇక్కడ కోడలింట్లో నెలకొకసారి ఆకుకూర తిన్న మామగారు నెల్లూరు వెళ్ళగానే రోజూ తినడం మొదలుపెడితే కొలత పడిపోతుంది. విమానం దిగిన వారంలోనే ఐ.ఎన్.ఆర్. చూపించుకోమనేది ఇందుకే.

మరో సంగతి. మన దేశంలో వార్ఫరిన్ కంటె అసిట్రోమ్ పేరుతో దొరికే అసినోకుమరాల్ వాడకం ఎక్కువ. అదీ ఆ కుటుంబపు మందే కాని అమెరికా మందుల దుకాణాలలో దొరకదు, మోతాదు కూడా వేరు. ఒక మిల్లీగ్రాముకు ఒక మిల్లీగ్రాము అని ఇంట్లో లెక్క కట్టి మార్చుకోరాదు. ఆరు నెలలు ఉండడానికి వచ్చేవారు సరిపడా మందూ, వైద్యుని చీటీ, ఇటీవలి కొలతల కాగితమూ చేతిసంచిలో తెచ్చుకోవాలి. సందర్శకులకు అమ్మే బీమా పథకాలలో చాలావాటికి పాత జబ్బుల ఖర్చుపై ఆంక్షలు ఉంటాయని వేరే గుర్తుచేయాలా!

2010లో డబిగాట్రాన్, 2011లో రివరోక్సబాన్, 2012లో అపిక్సబాన్, 2015లో ఎడోక్సబాన్ అమెరికాలో అనుమతి పొందాయి. వీటికి ఐ.ఎన్.ఆర్. పరీక్ష అక్కరలేదు, ఆకుకూరల పేచీ లేదు. 18,201 మంది రోగులపై జరిపి 2011లో ప్రకటించిన పరీక్షలో అపిక్సబాన్ వార్ఫరిన్ కంటె పక్షవాతాలను 21 శాతం, తీవ్రమైన రక్తస్రావాలను 31 శాతం తగ్గించింది. అందుచేత ఇప్పుడు ఎక్కువమందికి ఈ కొత్త మందులే మొదట ఇస్తున్నారు.

కాని తెలుగువారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన మినహాయింపు ఒకటి ఉన్నది. చిన్నతనంలో గొంతునొప్పి, కీళ్ళవాపులతో వచ్చే రుమాటిక్ జ్వరం గుండె కవాటాలను చెడగొడుతుంది. పై గదికీ కింది గదికీ నడుమ ఉన్న మైట్రల్ కవాటం ఇరుకైపోతే ఎడమ కర్ణిక ఉబ్బి ప్రకంపనం మొదలవుతుంది. 46 దేశాల రోగుల వివరాలను పోల్చి 2014లో ప్రచురించిన ఒక నివేదికలో, కర్ణికా ప్రకంపనం ఉన్న భారతీయ రోగులలో 31.5 శాతం మందికి రుమాటిక్ గుండె జబ్బు ఉన్నది. ఉత్తర అమెరికాలో అది 2.2 శాతం. అమెరికా వైద్యునికి తన వృత్తిజీవితంలో అరుదుగా కనిపించేది మన ఊళ్ళలో సాధారణం. ఇలాంటి నాలుగున్నర వేలమంది రోగులపై 24 దేశాలలో జరిగి 2022లో వెలువడిన ఇన్విక్టస్ అనే పరీక్షలో రివరోక్సబాన్ కంటె పాత వార్ఫరిన్ తరగతి మందులే మేలని, మరణాలు కూడా తక్కువని తేలింది. ఢిల్లీలోని అఖిల భారత వైద్యశాస్త్ర సంస్థకు చెందిన గణేశన్ కార్తికేయన్ ఈ పరిశోధనకు సారథులలో ఒకరు. మైట్రల్ కవాటం బాగా ఇరుకైనవారూ, లోహపు కవాటం అమర్చుకున్నవారూ 'కొత్త మందు సుఖంగా ఉందట' అని మార్చుకోవడం ప్రమాదకరం. తల్లికో తండ్రికో చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చిన సంగతి ఇక్కడి వైద్యునికి చెప్పేవారు పిల్లలే కావాలి. ఆయనంతట ఆయన అడగకపోవచ్చు.

మందు మానాలనిపించే రోజు

ఆస్పిరిన్ వేసుకుంటే చాలదా అన్నది ప్రతి ఇంట్లో వచ్చే ప్రశ్న. చాలదు. వార్ఫరిన్ వాడలేనివారు 5,599 మందిలో సగం మందికి ఆస్పిరిన్, సగం మందికి అపిక్సబాన్ ఇచ్చి చూడగా, పక్షవాతమూ శరీరంలో ఇతరచోట్ల గడ్డలూ వచ్చినవారు ఏడాదికి ఆస్పిరిన్ వర్గంలో 3.7 శాతం, అపిక్సబాన్ వర్గంలో 1.6 శాతం. తీవ్ర రక్తస్రావంలో ఇద్దరికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆస్పిరిన్ సాధువు, కొత్త మందు క్రూరం అనే నమ్మకానికి ఆధారం లేకపోయింది.

పెద్దవారు జారిపడితే మెదడులో రక్తస్రావం అవుతుందేమోనన్నది రెండవ భయం. ఇది ఉత్తి భయం కాదు. కాని దీన్ని లెక్కవేసిన కెనడా వైద్యులు 1999లో ఒక ఆశ్చర్యకరమైన సంఖ్య చెప్పారు: సగటు ప్రమాదమున్న వృద్ధులు వార్ఫరిన్ వల్ల కలిగే లాభాన్ని పోగొట్టుకోవాలంటే ఏడాదికి సుమారు 295 సార్లు పడాలి. అది కాగితం మీది గణితమే. ప్రతి మనిషికీ అతకదు. పడినప్పుడు తలకు దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనిపించకపోయినా, ఆసుపత్రికి పోవలసిందే. స్నానాల గదిలో పట్టుకొనే కడ్డీ బిగించడం మందు మాన్పించడం కంటె తెలివైన పని.

నిజంగా రక్తస్రావాన్ని పెంచేవాటిని మాత్రం మనవారు పట్టించుకోరు. మోకాళ్ళ నొప్పులకు ఐబుప్రొఫెన్, నాప్రొక్సెన్, ఇండియా నుంచి తెచ్చిన డైక్లోఫెనాక్ బిళ్ళలు కడుపులో పుండు పుట్టించి ఈ మందులతో కలిసి పెద్ద ముప్పు తెస్తాయి. నొప్పికి పారాసిటమాల్ మేలు. వంటలో పసుపు, వెల్లుల్లి పేచీ లేనివి. వాటినే గాఢమైన గొట్టాలలో అమ్మే మందుల సంగతి వైద్యునికి చెప్పి తీరాలి. గుండెకు మంచిదని పెద్ద మోతాదులో మింగే చేపనూనె గొట్టాలు ఈ ప్రకంపనాన్నే పెంచుతున్నట్లు పలు పరీక్షలలో కనిపించింది.

మూడవది అన్నిటికంటె ప్రమాదకరమైనది. అది భయం కాదు, ధైర్యం. 'దడ తగ్గి మూడు నెలలైంది, ఇంకా ఈ బిళ్ళలెందుకు?' లయను నిలబెట్టడం మేలా, లయ ఎలా ఉన్నా వేగాన్ని అదుపులో ఉంచడం మేలా అని అమెరికా, కెనడాలలో 4,060 మందిపై జరిగిన అఫర్మ్ పరీక్ష ఫలితాలు 2002లో వచ్చాయి. లయను నిలబెట్టినందువల్ల ఆయుర్దాయం పెరగలేదు. ఆ పరీక్షలో పక్షవాతం వచ్చినవారెవరో చూస్తే, రెండు వర్గాలలోనూ అత్యధికులు వార్ఫరిన్ మానివేసినవారో, లేక కొలత చాలినంత లేనివారో. లయ కుదిరిందనుకున్నవారికి కూడా నిశ్శబ్దంగా ప్రకంపనం వచ్చిపోతూ ఉండవచ్చు.

కొత్త మందులు వాడేవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం. వార్ఫరిన్ ప్రభావం మానిన తరువాత కూడా కొన్ని రోజులుంటుంది. అపిక్సబాన్ ప్రభావం రోజూ రెండు పూటలా నిలబెట్టుకోవలసినది, ఒకటి రెండు రోజులలోనే పోతుంది. ఉపవాసమని, పన్ను తీయించుకోవాలని, ప్రయాణంలో పెట్టె దొరకలేదని తమంత తాము ఆపరాదు. ఖరీదు కూడా ఒక కారణమే. మెడికేర్ బేరమాడి నిర్ణయించిన మొదటి పది మందులలో అపిక్సబాన్ ఒకటి. నెలకు 521 డాలర్ల జాబితా ధర ఉన్నదానికి 231 డాలర్ల ధర 2026 జనవరి నుంచి అమలైంది.

లయను చక్కదిద్దే ప్రయత్నం

అఫర్మ్ తరువాత లయ సంగతి పట్టించుకోనక్కరలేదని కొంతకాలం అనుకున్నారు. ఆ తీర్పు ఇప్పుడు కొంత మారింది. వ్యాధి బయటపడిన సంవత్సరంలోపే లయను నిలబెట్టడానికి పూనుకుంటే గుండె జబ్బుతో మరణాలు, పక్షవాతాలు, ఆసుపత్రి పాలవడం కలిపి ఏడాదికి నూటికి 5.0 నుంచి 3.9కి తగ్గినట్లు 2020లో ఐరోపాలో 2,789 మందిపై జరిగిన పరీక్ష చూపింది. ఆ రోగులలో అత్యధికులు గడ్డకట్టకుండా మందు కూడా వాడుతూనే ఉన్నారు.

విద్యుత్ఘాతంతో లయను సరిచేయడం బెర్నార్డ్ లౌన్ 1962లో ప్రవేశపెట్టిన పద్ధతి. కొన్ని నిమిషాల పని. కాని గడ్డ లేదని రూఢి చేసుకోకుండా, లేదా మూడు వారాలు మందు వాడకుండా చేయరు. మందులలో అమియోడరాన్ శక్తిమంతమైనది, ఊపిరితిత్తులనూ, అయోడిన్ నిండి ఉన్నందున థైరాయిడ్‌నూ కనిపెట్టుకొని ఉండాలి.

1998లో ఫ్రాన్సులోని బోర్డో నగరంలో మిషెల్ హైసగేర్ బృందం 45 మంది రోగులను పరిశీలించి, ప్రకంపనాన్ని రగిలించే నిప్పురవ్వలలో 94 శాతం ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికలోకి వచ్చే సిరల మొదళ్ళలో ఉన్నట్లు కనుగొన్నది. ఆ మొదళ్ళ చుట్టూ కంచె కట్టినట్లు కణజాలాన్ని కాల్చివేయడమే అబ్లేషన్. తొడలోని సిర గుండా సన్నని తీగను పంపి చేస్తారు. వేడితోనో, చలితోనో కాల్చే పద్ధతిలో వెనుకనున్న అన్నవాహికకూ అరుదుగా దెబ్బ తగులుతుంది. ఆ బెడదను తగ్గించేందుకు విద్యుత్ స్పందనలతో కండరాన్ని మాత్రమే చంపే పద్ధతి వచ్చింది. న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రికి చెందిన వివేక్ రెడ్డి ఈ రంగంలో ముందు నడిచినవారిలో ఒకరు. ఆయన బృందం 607 మందిపై జరిపిన పరీక్షలో ఇది పాత పద్ధతికి తీసిపోదని 2023లో తేలింది. అమెరికాలో 2023 చివర, 2024 మొదట్లో అనుమతులు లభించాయి.

అబ్లేషన్ అయిన తరువాత మందు ఆపవచ్చునా? కనీసం మూడు నెలలు ఆపరాదు. ఆపైన పాత మార్కుల లెక్క ప్రకారమే నిర్ణయించాలని 2023 నాటి సూచన. ఏడాదిపాటు ప్రకంపనం తిరిగి కనిపించని కొందరిలో ఆపవచ్చునేమోనన్న ఆశను 2025లో వెలువడిన పరీక్షలు కలిగించాయి. ఆశ కలిగించినంత మాత్రాన అది తన విషయంలో నిజమని రోగి స్వయంగా తీర్పు చెప్పుకోరాదు. మందును దీర్ఘకాలం వాడకుండా ఉండడానికి తగిన కారణం ఉన్నవారికి ఆ చెవిసంచి ద్వారాన్ని చిన్న పరికరంతో మూసివేసే పద్ధతికి 2015లో అనుమతి వచ్చింది.

యోగమూ, కాఫీ

కాన్సాస్ విశ్వవిద్యాలయంలో ధనుంజయ లక్కిరెడ్డి, తోటి వైద్యులు చేసి 2013లో ప్రచురించిన అధ్యయనం మన పాఠకులకు ఆసక్తి కలిగిస్తుంది. వచ్చిపోయే తరహా ప్రకంపనం ఉన్న 49 మందిని మొదట మూడు నెలలు ఊరకే గమనించి, తరువాతి మూడు నెలలు వారానికి రెండు సార్లు గంటసేపు యోగాభ్యాసం చేయించారు. రోగులకు తెలిసివచ్చే ప్రకంపనాల సగటు 3.8 నుంచి 2.1కి తగ్గింది. ఆందోళన, దిగులు కూడా తగ్గాయి. ఇది గర్వించదగినదే. కాని సంఖ్య చిన్నది. యోగం చేయనివారి వర్గం వేరుగా లేదు. యోగం తగ్గించినది దడను. గడ్డను తగ్గిస్తుందని ఆ పరిశోధకులు అనలేదు. ప్రాణాయామం మొదలుపెట్టి బిళ్ళ మానివేసేవారు ఈ తేడాను మరచిపోతున్నారు.

బరువు తగ్గడం, నిద్రలో గురక పెట్టి ఊపిరి ఆగే జబ్బుకు చికిత్స, రక్తపు పోటు అదుపు, ఇవన్నీ ఫలితమిచ్చేవే. ఆస్ట్రేలియాలో మద్యం అలవాటున్న 140 మందిపై జరిపి 2020లో ప్రకటించిన పరీక్షలో మద్యం మానివేసినవారిలో 53 శాతం మందికి, మాననివారిలో 73 శాతం మందికి ప్రకంపనం మళ్ళీ వచ్చింది. కాఫీ ప్రియులకు మాత్రం శుభవార్త. విద్యుత్ఘాతంతో లయ కుదిరిన 200 మందిలో సగం మందిని రోజుకు కనీసం ఒక కప్పు తాగమని, సగం మందిని మానమని చెప్పగా, ఆరు నెలలలో తాగినవారిలో 47 శాతం మందికి, మానినవారిలో 64 శాతం మందికి వ్యాధి తిరగబెట్టిందని 2025లో ప్రకటించారు. ఫిల్టరు కాఫీ మాన్పించి తల్లిదండ్రులను కష్టపెట్టినవారు ఇకనైనా ఊరడిల్లవచ్చు.

చేతి గడియారాలు కూడా ఇప్పుడు నాడి చూస్తున్నాయి. నాలుగు లక్షలకు పైగా జనంపై జరిపి 2019లో ప్రచురించిన ఒక పరిశీలనలో గడియారం హెచ్చరించినది వెయ్యికి ఐదుగురిని; వారిలో తరువాత అతుకుడు యంత్రంతో పరీక్షించుకున్నవారిలో మూడో వంతుకే ప్రకంపనం దొరికింది. గడియారం మోగగానే బెదరనక్కరలేదు, మోగలేదని నిశ్చింతగానూ ఉండరాదు. మణికట్టు మీద మూడు వేళ్ళుంచి ఒక నిమిషం నాడి లెక్కించడం ఏ ఖర్చూ లేని పని. లయ తప్పినట్లనిపిస్తే ఇ.సి.జి. తీయించాలి.

ఇక పక్షవాతపు లక్షణాలు, అంటే మూతి వంకరపోవడం, ఒక చేయి పడిపోవడం, మాట తడబడడం కనిపిస్తే కొడుకు కారులో ఎక్కించి తిప్పడం కంటె 911కి ఫోన్ చేయడం మేలు. గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. అత్యవసర విభాగంలో మొట్టమొదట అడిగే ప్రశ్నలు రెండు: మనిషి చివరిసారి మామూలుగా కనిపించినది ఏ గంటకు, గడ్డకట్టకుండా ఆపే బిళ్ళ చివరిసారి వేసుకున్నది ఏ గంటకు. గడచిన రెండు రోజులలో బిళ్ళ పడితే కరిగించే మందు సాధారణంగా ఇవ్వరు. ధమనిలోకి తీగ పంపి గడ్డను లాగివేసే మార్గం చూస్తారు. బిళ్ళ పేరు, మోతాదు, వేసుకునే వేళలు రాసిన కాగితం అమ్మ చేతిసంచిలోనూ, ఫ్రిజ్ తలుపు మీదా ఉంటే, మాట పడిపోయిన మనిషి తరఫున ఆ జవాబు చెప్పడానికి అది పనికివస్తుంది.